కంపెనీ కొనిచ్చే కౌన్సెలింగ్: ఫోన్ చేస్తే ఎత్తేదెవరు?

ఉద్యోగుల కోసం కంపెనీలు కొనే కౌన్సెలింగ్ సేవను ఈఏపీ అంటారు, అంటే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం. ఎవరి బ్రోషర్ తిరగేసినా అవే మాటలు: 24 గంటల హెల్ప్‌లైన్, ఉచిత సెషన్లు, ఇంట్లోవాళ్లకూ వర్తింపు, ఒక యాప్, నెలకో వెబినార్. కాగితం మీద అన్నీ ఒకటే. ఎవరితోనైనా మాట్లాడాలని అనిపించిన మనిషి కౌన్సెలర్ గొంతు వినేలోపు ఎన్ని గడపలు దాటాలో లెక్కపెడితే మాత్రం మంచి సేవేదో, పేరుకి ఉన్నదేదో తేలిపోతుంది.

మొదటి గడప ఫోనే. శనివారం రాత్రి 11 గంటలకు ఒకసారి చేసి చూడాలి. ఇలా పరీక్షిస్తామని ఒప్పందంలో ముందే రాసుకుని, ఎత్తగానే ఆ సంగతి చెప్పేయాలి. లేని కష్టం నటిస్తే నిజంగా కష్టంలో ఉన్నవాళ్ల లైను ఆపినట్టవుతుంది. ఎన్ని రింగులకు ఎత్తారు, ఎన్ని బటన్లు నొక్కించారు, ఉద్యోగి నంబరు అడిగారా, మాట్లాడింది కౌన్సెలరా లేక వివరాలు రాసుకునే ఆపరేటరా అన్నవి చూడాలి. చాలాచోట్ల రాత్రిపూట ఉండేది ఆపరేటరే. పేరు, నంబరు తీసుకుని 'మావాళ్లు రేపు చేస్తారు' అంటారు. 24 గంటలూ ఎత్తుతామన్నారు, ఎత్తారు. కౌన్సెలింగ్ 24 గంటలూ అని ఒప్పందంలో లేకపోతే అడిగే హక్కు కూడా ఉండదు.

ఆ తిరుగు ఫోన్ దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. పొద్దున 11 గంటలకు, మీటింగులో ఉండగా, ఎవరిదో తెలియని నంబరు నుంచి వస్తుంది. ఎత్తరు. రెండు మూడుసార్లు ప్రయత్నించి 'స్పందన లేదు' అని ఫైలు మూసేస్తారు. దీనికి మందు తేలికే: మొదటి కాల్‌లోనే ఏ గంటకు చేయాలో అడగడం, చేసే నంబరు ముందే చెప్పడం, సంస్థ పేరు కనిపించని మెసేజ్ ఒకటి పంపడం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు తెల్లవారుజామునో, రాత్రి 9 తర్వాతో స్లాట్లు లేకపోతే ఆ సేవ వాళ్లకు లేనట్టే.

ఇక గోప్యత. 'మీ మాటలు బయటికి పోవు' అని గోడకు పోస్టర్ అంటించి, లాగిన్‌కి మాత్రం ఆఫీసు ఈమెయిలే కావాలంటే నమ్మేదెవరు? సొంత ఫోన్, సొంత మెయిల్‌తో చేరే వీలుండాలి. హెచ్ఆర్‌కు వెళ్లే రిపోర్టులో అంకెలే ఉండాలి, అవీ చిన్న విభాగాలకు విడిగా ఉండకూడదు. 8 మంది ఉన్న విభాగంలో 'ఒకరు, మద్యం సమస్య' అని వస్తే ఆ ఒకరెవరో టీ తాగేలోపు తేలిపోతుంది. ఎవరూ చూడని ఇంకో చిల్లు బిల్లు. వాడకాన్ని బట్టి డబ్బు కట్టే పద్ధతిలో ఇన్‌వాయిస్ మీద విభాగం కోడ్, సెషన్ తేదీ వచ్చేస్తుంటాయి. గోప్యత ఎక్కడ ఆగుతుందో కూడా మొదటి నిమిషంలోనే చెప్పాలి: ప్రాణానికి ముప్పున్నప్పుడు, పిల్లలకు హాని జరుగుతున్నప్పుడు, చట్టప్రకారం చెప్పక తప్పనప్పుడు. ఇది దాచిపెట్టి తర్వాత బయటపెడితే, ఆ ఒక్క ఉదంతంతో ఆఫీసులో మళ్లీ ఎవరూ ఫోన్ చేయరు.

డబ్బు కట్టే తీరూ పనితీరును మారుస్తుంది. తలకింత చొప్పున నెలనెలా కట్టే పద్ధతిలో ఎవరూ ఫోన్ చేయకపోయినా సరఫరాదారుకు అంతే ఆదాయం. ఎక్కువమంది వాడితే ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఇక వాళ్లు ఊరూరా దండోరా వేయిస్తారా? పైగా వాడకం శాతం చూపించేటప్పుడు యాప్ తెరిచినవాళ్లను, వెబినార్‌కు హాజరైనవాళ్లను కూడా కలిపేస్తారు. అడగాల్సిన అంకెలు రెండే: కౌన్సెలర్‌తో కనీసం ఒక సెషన్ పూర్తిచేసినవాళ్లు ఎంతమంది, మొదటి ఫోన్ నుంచి ఆ సెషన్‌కు ఎన్ని రోజులు పట్టింది. రోజులకు సగటు అడిగితే మోసపోతాం. అందరికంటే ఎక్కువ రోజులు ఆగిన పదోవంతు మంది ఎన్నాళ్లు ఆగారో అడగాలి.

యాప్‌లలో కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి తరచూ కనిపిస్తుంది. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నిపుణులు చూడాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనే ఆలోచనల గురించి, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా వేరే జవాబిస్తే తెరమీద ఏం జరుగుతుందో కొనేముందు డెమోలో కళ్లారా చూడాలి. మొత్తం స్కోరు 6 వచ్చిందని 'మీ సమస్య తేలికపాటిదే, ధ్యానం చేయండి' అని ఆకుపచ్చ బొమ్మ చూపిస్తే ఆ యాప్ పనికిరాదు. తొమ్మిదో జవాబును మొత్తంతో సంబంధం లేకుండా విడిగా పట్టుకోవాలి, అప్పటికప్పుడే ఒక మనిషి మాట్లాడాలి. జవాబు ఎవరూ చూడని ప్రశ్నను అడగడం కంటే అడగకపోవడమే నయం.

సెషన్ల లెక్కలోనూ మెలిక ఉంది. 'సమస్యకు 6' వేరు, 'ఏడాదికి 6' వేరు. దిగులు, పని ఒత్తిడి, ఇంట్లో తగాదాలకు అవి సరిపోవచ్చు. తీవ్రమైన కుంగుబాటుకో, చిన్ననాటి గాయాలకో చాలవు. ఆరో సెషన్ చివర్లో నాలుగు ఫోన్ నంబర్లు చేతిలో పెట్టి పంపిస్తే, ఎక్కువమంది ఒక్కదానికీ చేయరు. మూడో సెషన్‌కల్లా ముందుదారి తేల్చి, అనుమతి తీసుకుని, ఆ మనిషి ఎదురుగానే డాక్టరు అపాయింట్‌మెంట్ ఖాయం చేసే సేవకు కాస్త ఎక్కువ కట్టినా పర్లేదు.

ఈ సేవతో పాటు మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణను కూడా అంటగడుతుంటారు. మానసిక ఇబ్బందిలో ఉన్నవాళ్లకు తొలిసాయం ఎలా చేయాలో మామూలు మనుషులకు నేర్పే ఈ కోర్సును 2000లో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్, టోనీ జోర్మ్ మొదలుపెట్టారు. నేర్చుకున్నవాళ్లకు అవగాహన, ధైర్యం పెరుగుతాయనడానికి ఆధారాలున్నాయి. వాళ్ల సాయం అందుకున్నవాళ్లకు మేలు జరుగుతుందో లేదో తేల్చేందుకు ఆధారాలు చాలవని, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష చెప్పింది. దండగని అనలేం. ఫోన్ ఎత్తే కౌన్సెలర్ లేనిచోట దీన్ని పెట్టి చేతులు దులుపుకోవడమే తప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు మేనేజర్లకు శిక్షణ ఇవ్వమనడంతో పాటు పని పరిస్థితులనే మార్చమన్నాయి. రోజుకు 14 గంటలు పనిచేయించే చోట ఎంత మంచి కౌన్సెలర్ అయినా చిల్లుకుండకు నీళ్లు పోసినట్టే.

కంపెనీ గేటు బయటున్నవాళ్ల మాటేమిటి? కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు సాధారణంగా ఈఏపీ జాబితాలో ఉండరు. సంఘాలు, బస్తీ కమిటీలు చూడాల్సిన నమూనా జింబాబ్వే వాళ్ల ఫ్రెండ్‌షిప్ బెంచ్. సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబండా 2006లో మొదలుపెట్టారు. క్లినిక్ ఆవరణలో కూర్చునే చెక్క బల్ల ఒకటి, దాని మీద శిక్షణ పొందిన ఓ పెద్దావిడ, పక్కన సాయం కోసం వచ్చిన మనిషి. 'డిప్రెషన్' అనే మాట వాడరు. షోనా భాషలో అతిగా ఆలోచించడం అనే అర్థమొచ్చే 'కుఫుంగిసీసా' అంటారు. ఉన్న కష్టాలన్నీ బయటపెట్టించి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, మళ్లీ వచ్చేలోపు చేయగలిగే చిన్న పని ఒకటి తేల్చి పంపిస్తారు. హరారేలో 24 క్లినిక్‌లలో 573 మందితో జరిపిన ప్రయోగంలో 6 నెలల తర్వాత మామూలు వైద్యం కంటే బాగా పనిచేసిందని 2016లో జామా అనే వైద్య పత్రిక ప్రచురించింది.

దీన్ని అనుకరించేవాళ్లు బల్ల వేయించి ఫొటో దిగుతారు, పర్యవేక్షణ మరిచిపోతారు. బల్ల మీద కూర్చుని వినేవాళ్లకు వారంవారం ఓ అనుభవజ్ఞుడి తోడు, ప్రాణాపాయం కనిపిస్తే వెంటనే ఎవరికి చెప్పాలో రాసిపెట్టిన పేరు, ఆ పేరున్న మనిషి సెలవులో ఉంటే రెండో పేరు కావాలి. బల్ల కంటే ముందు ఆ రెండో పేరు రాసుకోండి.