వాడిన సెయిల్‌బోట్ కొంటున్నారా? సామాను లిస్టు చూసి డబ్బు కట్టకండి

అమెరికాలో మేరీలాండ్‌లోని అన్నాపోలిస్ చుట్టుపక్కల, చెసపీక్ బే వైపు పాత సెయిల్‌బోట్ (తెరచాపల పడవ) కోసం వెతుకుతున్న మనవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. నిన్న రాత్రి ప్రకటనలు చూస్తుంటే నాకు బోటు అమ్మినాయన ఇంకో బోటు అమ్మకానికి పెట్టారు, 32 అడుగులది. అందులో పెట్టిన చార్ట్‌ప్లాటర్ (నీళ్ళ మ్యాప్ మీద బోటు ఎక్కడుందో చూపించే పరికరం) ఫోటో అప్పట్లో నాకు పంపిందే, స్క్రీన్ మూల మీద గీత కూడా అదే. నా బోటులో అసలు ఆ ప్లాటరే లేదు. అది చూశాక నిద్ర పట్టలేదు, ఇంకొకళ్ళు ఆ ఫోటో చూసి డబ్బు కట్టేలోపు చెప్పాలని రాస్తున్నాను.

నేను కొన్నది 1984లో తయారైన కాటలినా 30 అనే ముప్పై అడుగుల మోడల్, పోయిన మార్చిలో, 13,500 డాలర్లకి. ఒకటి ముందే చెప్తాను, ఆ మోడల్ చెడ్డది కాదు. 70ల నుంచి 6 వేలకు పైగా తయారయ్యాయి, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, లోపల నలుగురు కుటుంబంతో రెండు రోజులు హాయిగా ఉండొచ్చు. అందుకే దాని కోసం చూశాం. మమ్మల్ని పడగొట్టింది మాత్రం ప్రకటన కింద ఉన్న సామాను లిస్టు. ఆటోపైలట్, రాడార్, చార్ట్‌ప్లాటర్, సోలార్ ప్యానెళ్ళు, లైఫ్‌రాఫ్ట్ (బోటు మునిగితే ఎక్కే తెప్ప), ఈపర్బ్, డింగీ అనే చిన్న పడవ, దానికో మోటారు, ఐదు తెరచాపలు. ఇవన్నీ కొత్తవి కొంటే ఎంతవుతుందో నేనూ మా ఆవిడా రాత్రి కూర్చుని లెక్కేశాం, బోటు ధరకి రెట్టింపు దాటింది. ఇంత సామాను వస్తోంది కదా, బోటు ఊరికే వచ్చినట్టే అనుకున్నాం.

తీరా చూస్తే ఆటోపైలట్ బెల్టు అరిగిపోయి స్టీరింగ్ చక్రాన్ని తిప్పలేదు. రాడార్ మాస్ట్ (తెరచాపల్ని నిలబెట్టే పొడవాటి స్తంభం) మీద ఉంది కానీ దాని బొమ్మ చూపించే తెర లేదు. ప్లాటర్ సంగతి చెప్పాను కదా, ఆ స్థానంలో ఆన్ కూడా కాని పాతది ఒకటి బిగించి ఉంది. ఐదు తెరచాపల్లో మూడు బూజుపట్టి, వేలితో నొక్కి లాగితే కుట్టు ఊడొచ్చేలా ఉన్నాయి. వీటి మీద నాకు పెద్ద బాధ లేదు, డబ్బు పోయిందంతే. ప్రాణాలు కాపాడే సామాను విషయంలో మాత్రం ఆయన్ని క్షమించలేకపోతున్నాను. ఈపర్బ్ అంటే బోటు మునిగిపోతుంటే ఉపగ్రహం ద్వారా కోస్ట్‌గార్డ్‌కి సిగ్నల్ పంపేది. దాని బ్యాటరీ గడువు 2016తో అయిపోయింది, పైగా రిజిస్ట్రేషన్ ఇంకా అంతకుముందు ఓనర్ పేరు మీదే ఉంది, అంటే ఒకవేళ అది పనిచేసినా ఫోన్ వెళ్ళేది ఎవరో తెలియని ఇంటికి. లైఫ్‌రాఫ్ట్ సర్వీస్ స్టిక్కర్ మీద అంకెలే కనపడలేదు. మా పాపకి పదకొండేళ్ళు. ఇవి ఉన్నాయి కదా అన్న ధైర్యంతో దాన్ని ఎక్కించుకుని బే మధ్యలోకి వెళ్ళేవాళ్ళం.

ఇక బోటు సంగతి. సర్వే, అంటే నిపుణుడి చేత బోటు పరీక్ష, చేయిస్తానంటే అమ్మినాయన నవ్వుతూ, నాలుగేళ్ళ కింద చేయించిన రిపోర్టు ఉంది, అనవసరంగా ఏడెనిమిది వందలు ఎందుకు పారేసుకుంటావు అని ఇరవై పేజీల ఫైలు చేతిలో పెట్టారు. నేను మొదటి పేజీ, చివరి పేజీ చూశాను. మూడో పేజీలో ఒక్క లైను ఉంది, బోటు నీళ్ళలో ఉండగానే చూశామనీ, అడుగుభాగం పరీక్షించలేదనీ. ఆ లైను ఆ రోజే చదివి ఉంటే ఇవాళ ఈ పోస్టు ఉండేది కాదు.

కొన్నాక ఇన్సూరెన్స్ కాగితం లేనిదే స్లిప్ (బోటు కట్టేసుకునే చోటు) ఇవ్వమని మెరీనావాళ్ళు, కొత్త సర్వే లేనిదే పాలసీ ఇవ్వమని ఇన్సూరెన్స్‌వాళ్ళు. సరే అని బోటుని నీళ్ళలోంచి పైకి తీయించాం. కీల్ (బోటు ఒరిగిపోకుండా అడుగున ఉండే బరువైన రెక్క) ముందు అంచు దగ్గర, అది హల్‌కి, అంటే బోటు ఒంటికి, అతుక్కునే చోట, కొత్తగా కొట్టిన నీలం బాటమ్ పెయింట్ కింద సన్నగా వంపు తిరిగిన పగులు. దీన్ని అందరూ కాటలినా స్మైల్ అంటారు. చిన్నదైతే కంగారు లేదు, బోల్టులు బిగించి పూడ్చేస్తారు. నాది స్టాండ్ల మీద పెట్టిన మూడో రోజుకి కూడా అందులోంచి తుప్పు రంగు నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతూనే ఉన్నాయి, కింద కాంక్రీటు మీద చేయంత మరక పడింది. పాత హల్స్‌లో కీల్ పైన కూర్చునే భాగంలో చెక్క ఉంటుంది, అది తడిసి నలిగిపోతే బోల్టుల పట్టు పోతుంది. ఆ బోల్టులు మోసేది 4,200 పౌండ్ల బరువుని.

ఇంకోటి. మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు టాయిలెట్ తలుపు సరిగ్గా పడలేదు. అడిగితే చలికాలం చెక్క అలాగే బిగుసుకుంటుందిలే అన్నారు, నమ్మాను. ఈ బోటులో మాస్ట్ డెక్ మీద నిలబడుతుంది, ఆ బరువుని క్యాబిన్ లోపలి స్తంభం ఒకటి కింద బిల్జ్‌లో (బోటు లోపలి అట్టడుగున) ఉన్న చెక్క దిమ్మ మీదికి దింపుతుంది. ఆ దిమ్మ కుళ్ళితే స్తంభం దిగుతుంది, డెక్ కుంగుతుంది, పక్కనున్న తలుపు చట్రం బిగుసుకుంటుంది. సర్వేయర్ స్క్రూడ్రైవర్ మొనతో ఆ దిమ్మని పొడిచి చూపించారు, తడిసిన అట్టలోకి దిగినట్టు పిడిదాకా దిగింది. మాస్ట్‌ని పట్టుకునే స్టీల్ తీగలు ఎప్పుడు వేశారో కాగితమే లేదు, చివర్లలో తుప్పు, అవన్నీ మార్చాలి. ఇప్పటివరకు వచ్చిన ఎస్టిమేట్లన్నీ కలిపితే 9,800 డాలర్లు.

మా నాన్న చెప్పేవారు, సంతలో గేదెని అమ్మేవాడు ముందు పూట పాలు పిండకుండా తోలుకొస్తాడు, పొదుగు నిండుగా కనపడుతుంది, అందుకే రెండు పూటలు మన చేత్తో పిండి చూసుకున్నాకే డబ్బివ్వాలని. ఇంజను విషయంలో అదే జరిగింది. నేను వెళ్ళేసరికి డీజిల్ ఇంజను అప్పటికే వేడిగా ఉంది, తాళం తిప్పగానే అందుకుంది. ఇప్పుడు చల్లగా ఉన్నప్పుడు పది నిమిషాలు తిప్పితే గానీ పట్టుకోదు, తెల్లపొగ. కాబట్టి వెళ్ళగానే ఏమీ మాట్లాడకుండా ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఇంకో రోజు చెప్పకుండా పొద్దున్నే వెళ్ళండి.

డిపాజిట్ ఇచ్చే ముందే అగ్రిమెంట్‌లో సర్వే, సీ ట్రయల్ (నీళ్ళలో నడిపి చూడటం) రెండూ సంతృప్తికరంగా ఉంటేనే కొంటాం, లేకపోతే డిపాజిట్ వాపసు అని రాయించండి. సర్వేయర్‌ని మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్ళో బ్రోకరో చెప్పినవాళ్ళని కాదు. బోటు పైకి తీయించకుండా చేసిన సర్వే సర్వే కాదు. నాకు ఆ పైకి తీయించడం రెండు గంటల పని, 380 డాలర్లు, దానికి వెనకాడాను. సామాను లిస్టులో ప్రతి వస్తువూ మోడల్, సీరియల్ నంబరుతో సహా బిల్ ఆఫ్ సేల్‌లో (అమ్మకం కాగితంలో) ఎక్కించండి, ఒక్కొక్కటీ మీ ఎదురుగా ఆన్ చేయించండి. కోస్ట్‌గార్డ్ దగ్గర డాక్యుమెంట్ (రిజిస్టర్) అయిన బోటైతే దాని అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ (ఓనర్ల, అప్పుల చరిత్ర చూపే కాగితం) తెప్పించుకోండి, అక్కడ నమోదైన పాత అప్పులేమైనా ఉంటే అందులో బయటపడతాయి. నా కాగితంలో 'ఉన్నది ఉన్నట్టుగా' అని ఒక్క మాట ఉంది, లాయర్‌కి చూపిస్తే దాని మీద పోరాడటానికి అయ్యే ఖర్చు రిపేరు ఖర్చుకి దగ్గరగా ఉంటుందన్నారు.

ఆ 32 అడుగుల బోటు చూడ్డానికి ఎవరైనా ఈ శని, ఆదివారాల్లో వెళ్తుంటే నాకు ముందే ఒక మెసేజ్ పెట్టండి. నా బోటు ఎలాగూ యార్డులో స్టాండ్ల మీదే ఉంది, వారాంతాలు ఖాళీగానే ఉంటున్నాను. తేమ కొలిచే మీటరు, తట్టి చూసే ప్లాస్టిక్ సుత్తి కొనుక్కున్నాను, అవి పట్టుకుని నేనే మీతో వస్తాను.