దొంగ సెల్ఫీ కోసం యాప్ వేస్తే దొరికింది మా డాడీనే

పోయినేడాది బోనాల టైంలో మా డాడీ ఫోన్ అమీర్‌పేట్ దగ్గర సిటీ బస్సులో పోయింది. షర్ట్ పై జేబులో పెట్టుకుంటారు, వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు, ఆ రష్‌లో ఎవడు లేపాడో ఏమో, మూసాపేట్‌లో దిగి జేబు తడుముకుంటే కళ్లజోడు కేసు ఒక్కటే ఉంది. ఆ రోజు నుంచి దొంగతనం నుంచి కాపాడే ఫీచర్ అని ఎక్కడ ఏది కనపడినా మా ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్లో ట్రై చేస్తూనే ఉన్నాం. ఏడాది అవుతుంది కదా, ఏది పనికొస్తుంది, ఏది మన గుట్టు తీసుకెళ్లి ఎవడికో అప్పజెప్తుంది, రాద్దామనిపించింది.

ముందు ఆ రోజు సంగతి. తమ్ముడు లాప్‌టాప్ తెరిచి గూగుల్ ఫైండ్ హబ్‌లోకి పోదామని చూశాడు (పోయిన ఫోన్ ఎక్కడుందో చూపించేది, పాత పేరు ఫైండ్ మై డివైస్, 2025లో మార్చారు). డాడీ జీమెయిల్ పాస్‌వర్డ్ డాడీకే గుర్తులేదు, సరే మార్చుదాం అంటే వెరిఫికేషన్ పోయిన ఆ ఫోన్‌కే పోతోంది. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది. తప్పు మాదే, గూగుల్ అకౌంట్‌లో బ్యాకప్ కోడ్స్ అని పది ఇస్తారు, ఒక్కోటి 8 అంకెలు, ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. మీరు ఈ రివ్యూలో ఇంకేం చదవకపోయినా ఈ పని ఈరోజే చేసేయండి.

పొద్దున డూప్లికేట్ సిమ్ తీసుకుని, బ్యాంకు వాళ్లకి ఫోన్ చేసి యూపీఐ ఆపించి, స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చి, ఆ కాపీతో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే 15 అంకెల నంబర్) బ్లాక్ చేశాం. ఫోన్ డబ్బా మీద ఐఎంఈఐ ఉంటుంది, డబ్బా అమ్మ పారేయలేదు కాబట్టి బతికిపోయాం, అందులో సూదులూ దారాలూ పెట్టుకుంది. నాలుగు నెలలకి స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, దొరికింది వచ్చి తీసుకోండి అని. ఎవరో కొత్త సిమ్ వేశారు, ఆ సమాచారం పోలీసులకి చేరింది, అంతే. మ్యాప్ మీద చుక్క చూసి మేం పట్టుకున్నది ఏమీ లేదు. చుక్క కనపడినా ఏం చేస్తాం, ఏదో బస్తీలో వంద గుమ్మాల ముందు నిలబడి ఎవరి తలుపు కొడతాం, కొట్టినా లోపలున్నవాడు ఎలాంటివాడో.

ఇప్పుడు అసలు కథ. ఫోన్ దొరికేలోపు డాడీకి ఇంకో ఫోన్ కొన్నాం కదా, అందులో మా బావ ఒక ఫ్రీ యాప్ వేసిచ్చాడు, పేరు రాయను. తప్పు పిన్ కొడితే ముందు కెమెరాతో దొంగ ఫోటో తీసి మెయిల్ చేస్తుంది, సిమ్ మారిస్తే ఎస్సెమ్మెస్ పంపుతుంది, చప్పట్లు కొడితే సైరన్ కూడా. వినడానికి భలే ఉంది. వేసేటప్పుడు లొకేషన్ ఇరవైనాలుగ్గంటలూ, కెమెరా, మైకు, ఎస్సెమ్మెస్, కాంటాక్ట్స్, పైన డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద పెత్తనం ఇచ్చే పర్మిషన్), అన్నీ అడిగింది, బావ అన్నిటికీ అలౌ అలౌ అని నొక్కుకుంటూ పోయాడు. రెండు నెలల తర్వాత ఆ మెయిల్ తెరిచి చూస్తే 43 ఫోటోలు, దొంగ ఒక్కడు లేడు! కళ్లజోడు లేకుండా పిన్ కొడుతున్న డాడీ, మళ్లీ డాడీ, డాడీ ముక్కు, మా అక్క చిన్నోడి నాలుక, తలకి నూనె పెట్టుకుని నైటీలో ఉన్న అమ్మ. నవ్వుకున్నాం, నవ్వు అయ్యాక అమ్మ అడిగింది, "ఇవి మనకే అచ్చినయా, ఇంకెవలకన్న పోయినయా?" ఎవ్వరం మాట్లాడలేదు. మెయిల్ పంపింది ఆ యాప్ వాడి సర్వరే కదా, అంటే అమ్మ ఫోటో ముందు వాడి దగ్గరికి పోయి తర్వాతే మా దగ్గరికి వచ్చింది. తీసేద్దామంటే డివైస్ అడ్మిన్ ఆపందే అన్‌ఇన్‌స్టాల్ కాదు, అకౌంట్ డిలీట్ చేయమని మూడు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. ఐదుకి అర స్టార్, అది కూడా చిన్నోడి నాలుక ఫోటో బాగుందని.

ఫైండ్ హబ్‌ది వేరే లెక్క. బ్లూటూత్‌లో చుట్టుపక్కల ఆండ్రాయిడ్ ఫోన్లు మన ఫోన్‌ని గమనించి ఎక్కడుందో చెప్తాయి, ఆ లొకేషన్ ఎన్‌క్రిప్ట్ అయి (వేరేవాళ్లు చదవకుండా తాళం పడి) ఉంటుంది, గూగుల్ కూడా చదవలేదు అంటారు. సెట్టింగ్‌లో నాలుగు ఆప్షన్లు ఉంటాయి, మనం మార్చకపోతే ఉండేది జనం ఎక్కువున్న చోట్ల మాత్రమే అనేది, అంటే చాలా ఫోన్లు చూస్తే గానీ చూపించదు. అమీర్‌పేట్ మెట్రో స్టేషన్‌కి అది చాలు, ఊళ్లో పొలం గట్టు మీద పడిపోతే కష్టం. ఎందుకలా పెట్టారంటే ఒక్క ఫోన్ చూసినా చెప్పేస్తే మన ట్యాగ్ (వస్తువులకి తగిలించే చిన్న బ్లూటూత్ బిళ్ల) ఎవరి బ్యాగులోనో పడేసి వాళ్ల ఇల్లు కనుక్కోవచ్చు. అన్నిచోట్లా అనే ఆప్షన్ పెడితే దొరికే ఛాన్స్ పెరుగుతుంది, ఆ భద్రత తగ్గుతుంది, నేను మాత్రం మార్చలేదు.

కానీ గూగుల్ ఎంత ఎన్‌క్రిప్ట్ చేసినా పాస్‌వర్డ్ తెలిసినవాళ్లకి అన్నీ కనపడతాయి కదా. కొత్త ఫోన్ సెట్ చేసింది తమ్ముడు, ఈసారి తిప్పలు వద్దని డాడీ అకౌంట్ వాడి ఫోన్లో కూడా వేసుకున్నాడు. ఇంకేముంది, సాయంత్రం అయితే అమ్మ "మీ డాడీ ఏడున్నడో చూడురా" అంటది. వాడు చూసి చెప్తాడు, నారాయణగూడలో ఇరానీ హోటల్. డాడీకి షుగర్. ఇంటికి రాగానే "ఎన్ని ఉస్మానియా బిస్కెట్లు తిన్నవ్?" ఆయనకి పది రోజులు అర్థం కాలేదు ఎలా తెలుస్తుందో. నిజానికి ఎవరైనా ఫోన్ ఎక్కడుందో వెతికితే ఆ ఫోన్ మీద నోటిఫికేషన్ వస్తుంది, డాడీ అది ఏదో యాడ్ అనుకుని తోసేసేవారు. మా ఇంట్లో ఇది నవ్వులాట, కానీ అనుమానం మొగుడి చేతిలోనో, హాస్టల్‌లో పిల్ల మీద నిఘా పెట్టే అన్న చేతిలోనో ఇదే పాస్‌వర్డ్ ఉంటే? దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడు, వీళ్లు రోజూ ఉంటారు. మూడున్నర స్టార్లు.

నాకు బాగా నచ్చింది థెఫ్ట్ డిటెక్షన్ లాక్, ఆండ్రాయిడ్ 10 నుంచి చాలా ఫోన్లలో ఉంది. ఎవడైనా చేతిలోంచి లాక్కుని పరిగెడితే ఆ కదలికని సెన్సర్లు పట్టి స్క్రీన్ లాక్ చేస్తుంది. తమ్ముడిని కాలనీ పార్కులో లాక్కోమన్నా, మొదటిసారి నవ్వుకుంటూ మెల్లగా తీసుకున్నాడు, లాక్ అవ్వలేదు, అలా దొంగతనం ఎవడు చేస్తాడు మరి, రెండోసారి గట్టిగా గుంజి ఉరికాడు, టక్కున లాక్. వాచ్‌మన్ కూడా ఉరికొచ్చాడు అది వేరే విషయం. దీంతో పాటు రిమోట్ లాక్ ఉంది, ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్‌లో మన నంబర్ కొడితే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ముందు ఆన్ చేసి పెట్టుకోవాలి అంతే. దొంగకి కావాల్సింది బ్యాంకు, ఫోటోలు, ఓటీపీలు, అవి మూసేస్తే చాలావరకు పని అయినట్టే, మన లొకేషన్ ఎవడికీ ఇవ్వక్కర్లేదు. నాలుగున్నర.

అక్కది ఐఫోన్, అందులో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో వచ్చింది. ఇల్లు, ఆఫీసు లాంటి తెలిసిన చోటు కాకుండా బయట ఆపిల్ పాస్‌వర్డ్ మార్చాలంటే ఫేస్ ఐడీ అడిగి, గంట ఆగి, మళ్లీ ఫేస్ ఐడీ అడుగుతుంది, పాస్‌కోడ్ చూసేసిన దొంగకి కూడా కుదరదు. తెలిసిన చోటు ఏదో ఫోన్‌కి తెలియాలంటే మనం తరచూ పోయే చోట్లు అది గుర్తుపెట్టుకోవాలి మరి, ఇక్కడ కూడా ఇచ్చిపుచ్చుకోవడమే. ఆ లిస్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి నాకు ఒప్పందం బాగానే ఉంది.

సంచార్ సాథీకి వస్తే, వెబ్‌సైట్‌కి నాలుగు స్టార్లు, యాప్ వేయలేదు. కాల్ లాగ్, ఎస్సెమ్మెస్ పర్మిషన్లు అడుగుతుంది, నా పని వెబ్‌సైట్‌లోనే అయిపోతుంటే అవి ఎందుకివ్వాలి? 2025 నవంబర్‌లో కొత్త ఫోన్లన్నిటిలో ఆ యాప్ ముందే వేసి అమ్మాలని కంపెనీలకి ఆర్డర్ ఇచ్చి, గొడవ అయ్యాక డిసెంబర్ 3న వెనక్కి తీసుకున్నారు, మంచిపనే అయింది. జగదీష్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లకి ఒక ముక్క, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ చూసి, కేవైఎం (KYM) అని టైప్ చేసి స్పేస్ ఇచ్చి ఆ 15 అంకెలు 14422కి ఎస్సెమ్మెస్ చేయండి, బ్లాక్ అయిన ఫోనో కాదో తెలిసిపోతుంది. డబ్బులిచ్చాక కాదు, ముందే.

మొన్న కూర్చుని డాడీ ఫోన్ మళ్లీ సెట్ చేశాం. లాక్ ఫీచర్లన్నీ ఆన్, యూపీఐకి వేరే పిన్, తమ్ముడి ఫోన్లోంచి డాడీ అకౌంట్ అవుట్. కొత్త పాస్‌వర్డ్ డాడీనే పెట్టుకుని, కాగితం మడిచి కళ్లజోడు కేసులో దాచుకున్నారు, మాకెవ్వరికీ చూపించలేదు. ఇప్పుడు అమ్మ ఫోన్ చేసే అడుగుతుంది ఏడున్నవ్ అని. "బస్సుల ఉన్న, అస్తున్న" అంటారు, వెనకాల కప్పూ సాసర్ల చప్పుడు మా హాల్లో దాకా వినపడుతుంటుంది.