సినిమా తార, రీల్ అమ్మాయి, నోటి మాట: ఏది నమ్మి కొనడం మేలు?

మా బావకి నెల్లూరు చిన్నబజారులో చీరల షాపుంది. లెక్కలు నేను చూస్తాను. ఈమధ్యే మాగుంట లేఅవుట్‌లో రెండో షాపు తెరిచాం. తెరవడానికి రెండు నెలల ముందు నుంచి ఇంట్లో ఒకటే చర్చ, జనానికి ఎట్లా తెలియాలని. అక్కేమో ఒక హీరోయిన్‌ని పిలిచి రిబ్బన్ కట్ చేయిద్దామంది. ఇంటర్ చదివే అక్క కూతురు, రీల్స్ చేసే అమ్మాయితో కొలాబ్ పెట్టుకుందామంది. బావ మాత్రం, "ఇన్నేళ్ళూ ఎవరు ప్రచారం చేస్తే వచ్చారు? కొన్నవాళ్ళు చెప్తే వచ్చారు" అన్నాడు.

మూడిట్లో ఏది మేలో చూడమని నాకు అప్పగించారు. షాపు ఖర్చు లెక్క వేయడం తేలికే. కానీ ఆ మాటలు విని డబ్బు పెట్టి కొనే మనిషి వైపు నుంచి చూసేసరికి లెక్కంతా మారిపోయింది. చివరికి నేను పట్టుకున్నది ఒకే ప్రశ్న. చెప్పిన మాట తప్పని తేలితే, చెప్పిన మనిషిని పోయి అడగగలమా?

ముందు హీరోయిన్ సంగతి. మేనేజర్ చెప్పిన రేటుకి హోటలు, కార్లు, బౌన్సర్లు, స్టేజీ, ట్రంకు రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కలిపితే కొత్త షాపు ఏడాది అద్దె దాటిపోయింది. ఆమె ఉండేది గంట. జనం విరగబడి వస్తారు, సెల్ఫీలు దిగుతారు, వెళ్ళిపోతారు. ఆ డబ్బంతా మళ్ళీ చీర రేటులోంచే రావాలి. మాలాంటి షాపుకి అది తలకు మించిన బరువు.

కొనేవాళ్ళకి మాత్రం తార ప్రకటనలో ఒక మంచి ఉంది. అది ప్రకటన అని అందరికీ తెలుసు. టీవీలో నగల యాడ్ వస్తే మా అమ్మ కూడా "డబ్బులిచ్చారు, చెప్తోంది" అంటుంది. ఆ ఎరుక పెద్ద రక్ష. పైగా తార చట్టానికి కనపడకుండా పోయే మనిషి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనలో చెప్పినవాళ్ళకి 10 లక్షల దాకా, మళ్ళీ అదే పని చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మొదటిసారి ఏడాది, తర్వాత మూడేళ్ళ దాకా ప్రకటనలు చేయకుండా ఆపొచ్చు.

తారల వల్ల జరిగే చెడు వేరే చోట ఉంది. ఏది అందమో, ఏది పరువో వాళ్ళు మన మనసులో నాటేస్తారు. తెల్లగా ఉంటేనే ఉద్యోగం, తెల్లగా ఉంటేనే పెళ్ళి అని క్రీముల యాడ్‌లు దశాబ్దాల పాటు చెప్పాయి. 2020లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరు 'గ్లో అండ్ లవ్లీ' అయింది గానీ, "అమ్మాయి రంగెట్టా ఉంటది?" అన్న ప్రశ్న మా వైపు పెళ్ళి సంబంధాల్లో ఇంకా పోలేదు. కాదన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని తలుచుకోవాలి. సాయి పల్లవి ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్ వద్దన్నారు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక కూల్‌డ్రింక్ కంపెనీ వాళ్ళొస్తే చేయనన్నారు. క్రికెటర్లకుండే సంపాదన ఆయనకి లేని రోజులవి. నాకు ఆ టైటిల్ ఎంత గొప్పో ఈ మాటా అంతే గొప్ప.

రీల్ అమ్మాయి గురించి ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే అది మా షాపులోనే జరిగింది.

చిన్నబజారు షాపుకే పిలిపించాం. ఆమెతో పాటు ఫోన్ పట్టుకునే కుర్రాడొకడు, గుండ్రటి లైటొకటి. మాట్లాడుకున్నది రెండు చీరలు, కొంత డబ్బు. అప్పటిదాకా మా గడప తొక్కని అమ్మాయి, లైటు వెలగగానే "నేనెప్పుడూ ఇక్కడే తీసుకుంటానక్కా" అని మొదలుపెట్టింది. కౌంటరు మీదున్న ఒక చీర భుజాన వేసుకుని "అసలు సిసలు వెంకటగిరి పట్టు, మూడు వేల లోపే" అంది. అది వెంకటగిరీ కాదు, పట్టూ కాదు. మరమగ్గం మీద నేసిన పాలియెస్టర్ చీర. మా పెద్ద సేల్స్‌మాన్ చెప్పబోతే, "అంకుల్, టేక్ బాగా వచ్చింది, వదిలేయండి" అన్నాడు కుర్రాడు. బావ టెన్షన్‌గా నా వైపు చూశాడు. ఆపాల్సింది నేను. ఆపలేదు. పోయేముందు, పైన 'పెయిడ్ ప్రమోషన్' అని పెట్టమని మాత్రం అడిగాను. "అది పెడితే రీచ్ పడిపోద్దక్కా" అంది.

మర్నాడు సాయంత్రం కోవూరు నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫోన్‌లో రీల్ చూపించి, నిశ్చితార్థానికి ఆ చీరే కావాలంది. బావ చీర తీసి తిరగేశాడు. చేనేత వెంకటగిరి జాందానీ అయితే బుటా ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. దీని వెనక దారాలు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతున్నాయి. కొంగు చివర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదై రాలుతుంది. ఇది ముడుచుకుని నల్లపూసలా గట్టిపడింది. ఆవిడ ఆ పూసని గోటితో నొక్కి చూసి, "మరి ఆ పాప అట్టా చెప్పిందే" అంది. మా దగ్గర జవాబు లేదు. మంచి సరుకు వస్తే చెప్తానని బావ ఆవిడ నంబరు బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాడు. ఆవిడ ఏమీ కొనకుండానే వెళ్ళింది. ఆ రాత్రే రీల్ డిలీట్ చేయించాం.

హీరోయిన్‌ని అయితే ఆవిడ "ఆ పాప" అని ఉండేది కాదు. రీల్ చేసే అమ్మాయి మన యాసలో మాట్లాడుతుంది, అక్కా అంటుంది, రోజూ ఫోన్‌లో కనపడుతుంది. డబ్బు పుచ్చుకుని చెప్పిన మాట కూడా చుట్టం చెప్పినట్టే చెవిన పడుతుంది. అందుకే, డబ్బు సంగతి దాచిన రీల్ తార ప్రకటన కంటే ఎక్కువ చేటు అని నేను గట్టిగా చెప్తాను. రూల్సు లేక కాదు. 2022 జూన్‌లో కేంద్రం తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకి విడిగా వివరంగా చెప్పింది. డబ్బే కాదు, ఊరికే ఇచ్చిన వస్తువైనా సరే ఆ సంగతి బయటపెట్టాలి. వీడియో అయితే రాతలో కనపడాలి, మాటలో వినపడాలి. వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయకూడదు. అంటే, ఆమెకి మేమిచ్చిన రెండు చీరలూ కూలి కిందే లెక్క.

చీరలో మోసపోతే డబ్బే పోతుంది. అక్క కూతురు ఒంటి మీదికే తెచ్చుకుంది. తనకిష్టమైన పేజీలో చూసి, కంపెనీ పేరు కూడా సరిగ్గా లేని క్రీమ్ ఒకటి తెప్పించుకుంది. మొదటి వారం ముఖం మెరిసింది. మూడో వారానికి బుగ్గలు ఎర్రబడి, చన్నీళ్ళు తగిలినా మండేవి. స్కిన్ డాక్టరు డబ్బా వాసన చూసి పక్కన పెట్టి, ఇందులో స్టెరాయిడ్ కలిసుంటుంది, ఒక్కసారిగా మానేస్తే ఇంకా రేగుతుంది, నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలన్నారు. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇట్లాంటి క్రీముల్లోని పాదరసం వల్ల కిడ్నీలు దెబ్బతిన్న కేసుల్ని 2023లో డాక్టర్లు బయటపెట్టారు. మా పాప ఆ పేజీకి మెసేజ్ పెడితే బ్లాక్ చేశారు. "పిన్నీ, ఆ పేజీ అక్క రోజూ నాకు గుడ్ మార్నింగ్ చెప్పేది కదా" అని ఏడ్చింది.

బెట్టింగ్ యాప్‌ల విషయంలో తారలూ, రీల్స్ చేసేవాళ్ళూ ఒక్కటే. 2020లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినా ప్రమోషన్లు ఆగలేదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంలో, డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టారు. ఇంకా ముందే రావాల్సింది.

ఇక నోటి మాట. ఇది నెమ్మది. ఒక పెళ్ళికి కట్టిన చీర ఇంకో పెళ్ళి దాకా ప్రయాణం చేయాలి. ఉదయగిరి చెక్క గరిటెలు అట్లాగే ఇల్లిల్లూ చేరాయి. దీనిలో మోసం లేదని అనను. మా వీధి పెద్దావిడ మాట మీద చీటీ కట్టి నేనూ డబ్బు పోగొట్టుకున్నాను, నడిపినాయన ఊరొదిలేశాడు. కానీ ఆ పెద్దావిడ మాతో పాటు స్టేషన్‌కి వచ్చింది, మా అందరి ముందూ తల వంచుకుని కూర్చుంది. ఇప్పటికీ గుడిలో ఎదురైతే ఆగి మాట్లాడుతుంది. ఆ పేజీ అయితే పాపని బ్లాక్ చేసింది.

కాబట్టి కొనేవాళ్ళకి నా వరస ఇది: ముందు వాడినవాళ్ళ మాట, తర్వాత తార ప్రకటన, డబ్బు సంగతి దాచిన రీల్ అసలే వద్దు. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 5 లక్షల లోపు కేసైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

షాపుకైతే రీల్ మానేయమని చెప్పను. కొత్త షాపుకి మేమూ ఒకటి చేశాం. మా పెద్ద సేల్స్‌మానే నిలబడి, "ఇది మా షాపు ప్రకటన" అని మొదట్లోనే చెప్పి, చీర తిరగేసి బుటా చూపిస్తాడు. ఆ అమ్మాయి రీల్‌కి వచ్చినన్ని వ్యూస్ దీనికి రాలేదు. శ్రావణ మాసానికి వెంకటగిరి నుంచి సరుకు మొన్ననే దిగింది. ముందు కోవూరావిడకి ఫోన్ చేస్తానని బావ బిల్లు పుస్తకం తీసి నంబరు వెతుకుతున్నాడు.