రెండు గదుల పేస్‌మేకర్: ఏడాది వాడకం తర్వాత

మా అమ్మ రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయాక తీసిన ఈసీజీలో, గుండె నిమిషానికి 34 సార్లే కొట్టుకుంటోందనీ, అది కంప్లీట్ హార్ట్ బ్లాక్ అనీ తేలింది. గుండె పైగదుల్లో పుట్టే విద్యుత్ సంకేతం కింది గదులకు బొత్తిగా చేరకపోవడమే ఈ జబ్బు. కొన్ని మందుల వల్లగానీ గుండెపోటు వల్లగానీ వచ్చిన బ్లాక్ ఒక్కోసారి తగ్గిపోతుంది కాబట్టి వైద్యులు ముందుగా ఆ కారణాలను వెతికారు. అవేవీ కనిపించకపోవడంతో సిర గుండా తాత్కాలిక పేసింగ్ (విద్యుత్ ప్రేరణతో గుండెను కొట్టుకునేలా చేయడం) ఇచ్చి, మర్నాడు అదే పని చేసే శాశ్వత పేస్‌మేకర్ అమర్చారు.

కాలర్ ఎముక కింద, చర్మం లోపల ఇమిడిన ఈ పరికరం నుంచి రెండు తీగలు గుండెలోకి వెళ్తాయి. పైగది స్పందనను ఒకటి పసిగట్టిన కొద్ది క్షణంలోనే రెండోది కింది గదిని ప్రేరేపిస్తుంది కనుక, మెట్లెక్కేటప్పుడు అమ్మ గుండె వేగం సహజంగానే పెరుగుతోంది. నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే. 1958లో స్వీడన్‌లో శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చిన తొలి రోగి ఆర్నే లార్సన్ 2001 వరకు జీవించారని చదివినప్పుడు నాకెంతో ధైర్యం కలిగింది.

ఆసుపత్రి సేవలో లోపం ఒక్కటే. కొన్ని వారాలపాటు ఆ వైపు చేతిని భుజం కన్నా పైకి ఎత్తకూడదనీ, మొబైల్‌ను పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలనీ మేము అడిగితే తప్ప చెప్పలేదు. బ్యాటరీ కొన్నేళ్లకు క్షీణిస్తుంది కాబట్టి క్రమం తప్పని తనిఖీలు తప్పనిసరి.