బ్యాంకాక్ రాత్రికి ఏది మేలు: ఖావోశానా, యావరాతా?

బ్యాంకాక్‌లో ఒక్క రాత్రి మాత్రమే గడపగలిగినవారికి సాధారణంగా రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి విదేశీ యువత గుమిగూడే ఖావోశాన్ వీధి, రెండోది చైనాటౌన్ గుండా సాగే యావరాత్ రోడ్డు. రెండూ థాయ్ రాజు చులాలాంగ్‌కార్న్ కాలంలో, 1890లలో రూపుదిద్దుకున్నవే. అయినా ఖావోశాన్ రాత్రి వచ్చిపోయేవారి కోసం తయారైనది, యావరాత్ రాత్రి అక్కడే బతికే కుటుంబాల వ్యాపారంలోంచి పుట్టినది. నా మొగ్గు యావరాత్ వైపే.

ఖావోశాన్ పొడవు దాదాపు 400 మీటర్లు. ఒకప్పుడు బియ్యం వర్తకానికి పేరుపడిన ఈ చోటుకు, 1980లలో వీపున సంచి వేసుకుని తక్కువ ఖర్చుతో దేశాలు తిరిగే యువకులు చౌక గదుల కోసం రాసాగారు. చీకటి పడ్డాక ఎదురెదురు బార్లు పోటీపడి స్పీకర్లు మోగిస్తాయి. చిన్న ప్లాస్టిక్ బకెట్‌లో ఐసు, విస్కీ, కోలా, ఎనర్జీ డ్రింకు కలిపి, నాలుగైదు స్ట్రాలు వేసి ఇస్తారు. పుల్లకు గుచ్చిన వేపుడు తేళ్లూ అమ్ముతారు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో మిడతల వంటివి నిజంగానే ఇష్టంగా తింటారు గానీ, ఇక్కడి తేళ్లు ఎక్కువగా ఫోటోల కోసమే. ఇంత చెప్పినా ఒక మాట ఒప్పుకోవాలి: ఒంటరిగా వచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి మాట కలిపే మనుషులు ఇంత త్వరగా దొరికే చోటు ఆ నగరంలో మరొకటి లేదు. గోల భరించలేనివారికి పక్కనే ఉన్న రాంబుత్రి వీధి కాస్త నయం.

యావరాత్ సుమారు కిలోమీటరున్నర పొడవుంటుంది. పగలంతా ఇది బంగారు దుకాణాల వీధి. సాయంత్రం ఆ దుకాణాలు షట్టర్లు దించుతుండగానే, వాటి ముందున్న కాలిబాట మీదికి తోపుడు బండ్లు, గ్యాసు పొయ్యిలు, మడత బల్లలు వచ్చేస్తాయి. ఒకే జాగా పగలు ఒకరికి, రాత్రి మరొకరికి అన్నం పెడుతుంది. చైనా, థాయ్ లిపుల్లోని నియాన్ బోర్డుల కింద, పెద్ద బాణలిలో నల్లటి గులకరాళ్ల మధ్య చెస్ట్‌నట్ కాయలను తిప్పుతూ వేయిస్తుంటారు. ఆ పక్కనే దానిమ్మ రసం పిండి సీసాల్లో పోస్తుంటారు. చుట్టలు చుట్టుకున్న బియ్యపు నూడుల్స్‌ను ఘాటైన మిరియాల పులుసులో, పంది మాంసంతో వడ్డించే కువైజాప్ కోసం స్థానికులే వరుసలో నిలబడతారు. తాతలు, మనవలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినడం ఇక్కడ మామూలు దృశ్యం, ఖావోశాన్‌లో అది అరుదు.

2017లో నగర పాలక సంస్థ కాలిబాటల మీది అంగళ్లను తొలగించే పని ముమ్మరం చేసినప్పుడు, పర్యాటకుల కోసం నిలుపుతామని చెప్పినవి సరిగ్గా ఈ రెండు వీధులనే. పేరులేని ఎన్నో సందుల్లోని వంటవాళ్లకు ఆ అవకాశం దక్కలేదు. అందువల్ల యావరాత్ కూడా కొంతవరకు ప్రదర్శనకు పెట్టిన వీధి అయిందన్న విమర్శను నేను కొట్టిపారేయను. రద్దీ బాగా పెరిగింది, శనివారం రాత్రి అక్కడ నడవడమే కష్టం. అయినప్పటికీ అక్కడ వండేవారిలోనూ తినేవారిలోనూ చాలామంది ఆ నగరవాసులే కావడం నాకు పెద్ద విషయం.

రాకపోకల్లో పోలికే లేదు. 2019లో వాట్ మాంగ్‌కాన్ మెట్రో స్టేషన్ తెరిచాక యావరాత్ చేరడానికి కొద్ది నిమిషాల నడక చాలు. ఖావోశాన్ పక్కన మెట్రో లేదు. ఫ్రా ఆర్తిత్ రేవు దగ్గరే అయినా సాధారణ పడవలు రాత్రి పొద్దుపోయేదాకా తిరగవు కాబట్టి, తిరుగు ప్రయాణంలో తరచు టుక్‌టుక్ (అక్కడి ఆటో) వాళ్లతో బేరమాడాల్సి వస్తుంది. పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి ఈ ఒక్క కారణం చాలు.

మనవాళ్లలో శాకాహారులకు మాత్రం మామూలు రోజుల్లో ఖావోశాన్ పరిసరాలే సుఖం. అక్కడ భారతీయ భోజనశాలలు దొరుకుతాయి, యావరాత్‌లో కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. అయితే సాధారణంగా అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజులు జరిగే జే అనే శాకాహార ఉత్సవంలో యావరాత్ అంతా పసుపు జెండాలు కట్టి, మాంసమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా లేని వంటలు అమ్ముతారు. ఆ రోజుల్లో వెళ్లగలిగితే శాకాహారులు కూడా యావరాత్‌నే ఎంచుకోవచ్చు. ఎప్పుడు వెళ్లినా సోమవారం వద్దు, ఆ రోజు చాలా బండ్లు రావు.