వెన్నుద్రవం లీకు పట్టుకోవడానికి ఏది మేలు: ఎమ్మారైయా, మైలోగ్రామా?

లేచి నిలబడితే తల పగిలిపోతుంది, పడుకుంటే కాసేపటికి సర్దుకుంటుంది. ఇలాంటి తలనొప్పి వదలకపోతే డాక్టర్లు అనుమానించే వాటిలో వెన్నుద్రవం లీకు ఒకటి. మెదడునూ వెన్నుపామునూ కప్పి ఉంచే డ్యూరా పొరకు వెన్ను దగ్గర ఎక్కడో చిల్లు పడి లోపలి ద్రవం బయటికి పోతుంటుంది. లీకు ఉందా అన్నది ఒక ప్రశ్న, ఎక్కడ అన్నది ఇంకో ప్రశ్న. ఏ స్కాన్ మంచిదన్న వాదనంతా ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

ఉందా లేదా తేల్చడానికి నా ఓటు ఎమ్మారైకే. రేడియేషన్ లేదు, వెన్నులో సూది గుచ్చే పనిలేదు. కాంట్రాస్ట్ (బొమ్మలో తేడా కొట్టొచ్చినట్టు చూపే మందు) ఎక్కించి తీసిన మెదడు ఎమ్మారైలో పొరలు మెరుస్తూ, సిరలు ఉబ్బి, మెదడు కిందికి జారినట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అయితే ఇది నార్మల్‌గా వచ్చినంత మాత్రాన లీకు లేదనుకోకూడదు. ఇక నడుములో సూదితో చూసే ప్రెషర్‌ని నమ్ముకుంటే మరీ కష్టం, లీకు ఉన్నవాళ్లలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది.

చోటు చెప్పాల్సి వచ్చేసరికి వెన్నుకు తీసిన ఎమ్మారై కూడా తడబడుతుంది. స్లాబు ఒకచోట కారితే చెమ్మ గోడంతా పాకినట్టు, డ్యూరా దాటిన ద్రవం ఎన్నో వెన్నుపూసల పొడవునా పరుచుకుంటుంది. చిల్లు ఏ పూస దగ్గరో ఆ బొమ్మ చెప్పలేదు.

అక్కడ కావాల్సింది మైలోగ్రామ్. నడుములోంచి వెన్నుద్రవంలోకి అయోడిన్ కాంట్రాస్ట్ ఎక్కించి అది ఎటు పోతుందో చూస్తారు. మామూలు సీటీ మైలోగ్రామ్‌లో ఇంజెక్షన్‌కీ స్కాన్‌కీ మధ్య కొంత సమయం పోతుంది. లీకు పెద్దదైతే ఆలోపే కాంట్రాస్ట్ కూడా పాకిపోయి, మళ్లీ మొదటికే వస్తాం. డిజిటల్ సబ్‌ట్రాక్షన్ మైలోగ్రామ్ (ఎముకల నీడ తీసేసి కాంట్రాస్ట్‌నే చూపే ఎక్స్‌రే పద్ధతి) కాంట్రాస్ట్ ఎక్కించేటప్పుడే క్షణక్షణం బొమ్మలు తీస్తుంది. వెన్నుపాముకు ముందువైపు, గట్టిపడిన డిస్కు మొన గుచ్చుకుని పడిన చిల్లు అయితే పేషెంటును బోర్లా పడుకోబెట్టి, తలవైపు బల్ల వంచి చేస్తారు. ఊపిరికి ఛాతీ కదిలినా బొమ్మ చెడుతుంది కాబట్టి కొన్నిచోట్ల మత్తు కూడా ఇస్తారు. డైనమిక్ సీటీ మైలోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది, గుచ్చుకున్న ఎముక మొనను ఇంకా బాగా చూపిస్తుంది. కాకపోతే వెంటవెంటనే స్కాన్లు తీయాలి, రేడియేషన్ పెరుగుతుంది.

వెన్ను ఎమ్మారైలో నీరే కనిపించకపోతే కథ వేరు. ద్రవం బయట చేరకుండా నేరుగా సిరలోకి పోతుండవచ్చు. ఈ రకం లీకును మొదట వర్ణించింది 2014లో. దీనికి పక్కకు తిరిగి పడుకోబెట్టి చేసే మైలోగ్రామే సరైనది. కాంట్రాస్ట్ బరువైనది, కింది వైపు చేరుతుంది, ఆ పక్క సిర వెలిగితే దొరికినట్టే. రెండో పక్క తరచుగా ఇంకో రోజు చేస్తారు. వెల్లకిలా పడుకుని చేయించుకున్న మైలోగ్రామ్ నార్మల్ అని ఊరట పడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ఐసోటోప్ సిస్టర్నోగ్రామ్‌కి, అంటే వెన్నుద్రవంలోకి రేడియోధార్మిక మందు ఎక్కించి చూసే పరీక్షకి, 24 గంటల దాకా బొమ్మలు తీస్తూ ఉండాలి, తీరా చూస్తే అవి మసగ్గా ఉంటాయి. చోటు కోసమైతే దాని జోలికి పోనక్కర్లేదు.

అసలు అందరికీ వెతుకులాట అవసరం లేదు. చోటు తెలియకుండానే బ్లడ్ ప్యాచ్ (పేషెంటు రక్తాన్నే వెన్నులో డ్యూరా బయట ఎక్కించడం) వేస్తే తగ్గిపోయేవాళ్లున్నారు. ప్యాచ్ పనిచేయనప్పుడు మాత్రం మైలోగ్రామ్‌కి ముందే రేడియాలజిస్టును రెండు మాటలు అడగండి: ఏ భంగిమలో చేస్తారు, కాంట్రాస్ట్ ఎక్కించిన ఎంతసేపటికి బొమ్మ తీస్తారు.