యూబ్లాక్ ఆరిజిన్: ఒక్కో సైట్‌కి ఒక్కో లెక్క

మొన్న ఉగాదికి ఇంటికి వెళ్ళి తిరిగొచ్చిన మర్నాడే తెనాలి నుంచి నాన్న ఫోన్. "ఏరా, నా పేపర్‌కి ఏం చేసిపోయావు? హెడ్డింగ్ ఉంది, ఫొటో ఉంది, కింద వార్తే లేదు." ఆయన లాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి, యాడ్లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టొచ్చింది నేనే. ఆయన రోజూ చదివే న్యూస్ సైట్‌లో కుడిపక్క కింద దానంతటదే మోగే వీడియో డబ్బా ఒకటి ఉంటే, ఐడ్రాపర్ బొమ్మ నొక్కి దాన్ని శాశ్వతంగా తీసేశా. హోమ్ పేజీలో చూసుకుని సరిపోయిందనుకున్నా, లోపలి పేజీల్లో అసలు వార్త కూడా అదే పేరున్న పెట్టెలో ఉంటుందని చూసుకోలేదు. దాంతో వీడియోతోపాటు వార్తా పోయింది.

ఫోన్లోనే బాగుచేయించాను. "పైన ఎర్ర డాలు బొమ్మ ఉంది కదా నాన్నా, అది నొక్కితే పెద్ద పవర్ గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి పేజీ రిఫ్రెష్ చెయ్యి." వార్త వచ్చింది, వెనకే వీడియో డబ్బా కూడా వచ్చింది. మిగతా సైట్లన్నిట్లో బ్లాకర్ ఎప్పటిలాగే పనిచేస్తోంది, ఈ ఒక్క సైట్‌లోనే ఆగింది. నేనీ ఎక్స్‌టెన్షన్‌ని ఇన్నేళ్ళుగా వదలకపోవడానికి కారణం ఇదే. యాడ్లు ఆపేవి చాలా ఉన్నాయి, ఎక్కడ ఆపకూడదో చెప్పుకునే వీలు ఇంత వివరంగా ఇచ్చింది నాకు ఇంకోటి కనబడలేదు. ఏదో ఒక సైట్ తెరుచుకోలేదని మొత్తం ఎక్స్‌టెన్షన్‌నే పీకేసి, మళ్ళీ పాపప్‌లతో కుస్తీ పడుతున్నవాళ్ళని మా ఆఫీసులోనే చూస్తున్నాను, ఆ పవర్ గుర్తు అలాంటివాళ్ళ కోసమే.

చిన్న కిటుకు ఒకటుంది. మామూలుగా నొక్కితే ఆ సైట్ మొత్తానికి ఆగుతుంది, కంట్రోల్ పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలిసేలా స్క్రీన్ మీద ఎక్కడా పెద్దగా రాసి కూడా ఉండదు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది డబ్బు కట్టే పేజీ. ఒకసారి టికెట్లు బుక్ చేస్తూ పేమెంట్ దగ్గర ఆగిపోయాను, ఓటీపీ పెట్టె రావాల్సిన చోట ఖాళీ. వెంటనే బ్లాకర్ ఆపేశా, ఏమీ మారలేదు. మార్పు అమల్లోకి రావాలంటే పేజీని మళ్ళీ లోడ్ చెయ్యాలి, పైనేమో ఎర్ర అక్షరాల్లో "ఈ పేజీని రిఫ్రెష్ చేయవద్దు" అని ఉంది. తెగించి చేశా, సెషన్ పోయింది, టికెట్లు పోయాయి, డబ్బులు తిరిగి రావడానికి వారం పట్టింది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. టికెట్ సైట్‌లో ముందే ఆపి ఉంచినా, పే బటన్ నొక్కగానే బ్రౌజర్ బ్యాంకు వాళ్ళ వేరే అడ్రస్‌కి వెళ్తుంది, అది బ్లాకర్ లెక్కలో వేరే సైట్, అక్కడ మళ్ళీ ఆన్‌లోనే ఉంటుంది. పేమెంట్ అదే పేజీ లోపల చిన్న ఫ్రేమ్‌గా తెరుచుకుంటే మాత్రం పై సైట్‌కి ఆపింది దానికీ వర్తిస్తుంది. అందుకని ఇప్పుడు నా బ్యాంకు అడ్రసూ, తరచూ తగిలే రెండు పేమెంట్ గేట్‌వేల అడ్రసులూ డాష్‌బోర్డ్‌లో, అంటే దాని సెట్టింగుల పేజీలో, ట్రస్టెడ్ సైట్స్ అనే జాబితాలో ముందే రాసిపెట్టుకున్నా. వరసకి ఒక అడ్రస్, అంతే, కొట్టేస్తే మళ్ళీ బ్లాకింగ్ మొదలు.

మొత్తం ఆపక్కర్లేకుండా కొంచెం కొంచెంగా సడలించడానికి పవర్ గుర్తు కింద ఐదు చిన్న బొమ్మలుంటాయి. పాపప్‌లు, పెద్ద వీడియోలు-ఫొటోలు, కంటికి కనబడే యాడ్ పెట్టెల్ని దాచడం, బయటినుంచి వచ్చే ఫాంట్లు, జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే కోడ్), ఒక్కోదానికి ఒక్కో స్విచ్, అదీ సైట్‌వారీగా. పేజీ చెదిరిపోయినట్టు కనిపిస్తే నేను ముందు కన్ను బొమ్మతో (యాడ్ పెట్టెల్ని దాచే స్విచ్) మొదలుపెడతా, చాలాసార్లు అక్కడితోనే సర్దుకుంటుంది, మనం ఏం చూస్తున్నామో వెంటపడి చూసే ట్రాకర్లని ఆపే పని ఆగకుండా. జావాస్క్రిప్ట్ స్విచ్ మాత్రం తెలిసి వాడాలి, ఈ రోజుల్లో అది లేకపోతే సగం సైట్లు తెల్లకాగితంలా ఉంటాయి, కాకపోతే "మా సైట్ చూడాలంటే బ్లాకర్ తీసెయ్యండి" అని తెర అడ్డం వేసే కొన్ని సైట్లలో ఆ తెర కూడా దాంతోనే పోతుంది. ఫాంట్ల స్విచ్‌తో తెలుగు సైట్లలో ఓ సరదా ఉంది. రామభద్ర, మండలి లాంటి ఫాంట్లతో హెడ్డింగులు పెట్టే సైట్‌లో అది నొక్కితే అక్షరాలన్నీ సిస్టమ్‌లో ఉన్న మామూలు తెలుగు ఫాంట్‌లోకి మారిపోతాయి, పేజీ తేలికవుతుంది, కానీ పెళ్ళి శుభలేఖని టైపు కొట్టించినట్టుంటుంది. నేను మళ్ళీ ఆన్ చేసేశా.

అడ్వాన్స్‌డ్ అని టిక్ పెడితే ఒక పెద్ద పట్టిక తెరుచుకుంటుంది, ఈ సైట్‌లో ఏ బయటి సర్వర్ రావచ్చు, ఏది రాకూడదు అని ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగులతో మీరే చెప్పాలి, నచ్చితే తాళం బొమ్మ నొక్కి శాశ్వతం చేసుకోవాలి. నాకిష్టం. ఇంట్లోవాళ్ళ లాప్‌టాప్‌లో మాత్రం పొరపాటున కూడా పెట్టకండి.

తెలుగు సైట్లు ఎక్కువ చూసేవాళ్ళు ఫిల్టర్ లిస్టుల్లో (ఏమేం ఆపాలో చెప్పే జాబితాలు) ప్రాంతాల వారీ విభాగంలో ఉండే ఇండియన్‌లిస్ట్‌ని టిక్ చేసుకోండి. ఎక్కడివో విదేశీ లిస్టులకి మన సైట్ల యాడ్లు అన్నీ తెలియవు.

ఇక క్రోమ్ సంగతి. అసలు యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ లేదు. మేనిఫెస్ట్ వీ3 అని గూగుల్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చింది, పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను 2024 చివర్నుంచి ఆపుకుంటూ వచ్చి 2025లో పూర్తిగా తీసేసింది. దాని బదులు, అసలుది తయారుచేసిన రేమండ్ హిల్ చేసిందే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. ఇందులో సైట్‌కి నాలుగు స్థాయిలు: ఏమీ వద్దు, బేసిక్, ఆప్టిమల్, కంప్లీట్. మామూలు వాడకానికి చాలు, పైగా మా అక్కలాంటి వాళ్ళకి ఐదు బొమ్మలకన్నా ఇదే సులువు. కానీ పైన చెప్పిన రంగుల పట్టిక లేదు, లిస్టులు కూడా ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడే మారతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లే లేవు, ఫైర్‌ఫాక్స్‌లో అసలుదే దొరుకుతుంది, నా ఫోన్లో అదే.

పేరు దగ్గర జాగ్రత్త. "ఆరిజిన్" లేకుండా ఒట్టి యూబ్లాక్ అని ఇంకోటి ఉంది, అది వేరేవాళ్ళది. 2014లో యూబ్లాక్ మొదలుపెట్టిన రేమండ్ హిల్ 2015లో ప్రాజెక్టుని వేరేవాళ్ళకి అప్పగించి, ఆ వెంటనే ఆరిజిన్ పేరుతో తనదారి తను చూసుకున్నాడు. ఇప్పటికీ ఉచితం, విరాళం ఇస్తానన్నా తీసుకోడు.

కంప్లైంట్ ఒక్కటే, కానీ పెద్దది: అన్నీ బొమ్మలే, మాటలు తక్కువ. ఆడ్‌బ్లాక్ ప్లస్‌లో "ఈ వెబ్‌సైట్", "ఈ పేజీ" అని మాటల్లో రాసి స్విచ్‌లు ఉంటాయి, అది ఎవరికైనా అర్థమవుతుంది. అయితే అందులో "ఆమోదయోగ్యమైన" యాడ్లు అని కొన్నిటిని వదిలేసే సెట్టింగ్ ముందే ఆన్ అయి ఉంటుంది, అది నాకు మింగుడుపడదు. యూబ్లాక్ ఆరిజిన్‌కి 5కి 4.5 ఇస్తా, ఆ అర మార్కు బొమ్మలకే కోత.

వినాయక చవితికి వెళ్ళినప్పుడు నాన్న లాప్‌టాప్ తీసి, మై ఫిల్టర్స్‌లో (మనం సొంతంగా పెట్టుకున్న నియమాలు ఉండే చోటు) నేను చేసిన ఆ తప్పు వరస తీసేశా, ఈసారి వీడియో డబ్బాని మాత్రమే పట్టుకునేలా కొత్తది రాశా. పనిలో పనిగా ట్రస్టెడ్ సైట్స్ తెరిచి చూస్తే అందులో 14 సైట్లు. ఏ పేజీ నెమ్మదిగా వచ్చినా, కరెంటు పోయి వైఫై ఆగినా, ఆయన ముందు ఆ పవర్ బటనే నొక్కుతున్నాడు. బ్యాంకూ కరెంటు బిల్లూ ఉంచి మిగతా 12 కొట్టేశాను. ఆయనకి చెప్పలేదు.